మలుపు వచ్చింది, దాసూ

లారీ మమ్మల్ని పై వంతెన దగ్గర దింపేసరికి మధ్యాహ్నం దాటింది. అక్టోబరు నెల. ఎండ ఉంది, వేడి లేదు. వంతెన కింద నది ఆకుపచ్చగా ఉంది. బండలకు తగిలిన చోట తెల్లగా ఉంది. ఆ హోరులో పక్కవాడి మాట వినబడలేదు. నేను గోదావరిఖనిలో పుట్టినవాణ్ణి. నదిని చూస్తూ పెరిగాను. నది అరవడం మాత్రం అక్కడే విన్నాను.

పని ఇది. పై వంతెన నుంచి కింది వంతెన దాకా రబ్బరు రాఫ్టుల మీద దిగాలి. మధ్యలో రోడ్డు లేదు, కాలిబాట లేదు. దళాలు నది దాటడానికి వీలైన చోట్లు చూసి, గట్టు ఎత్తు, నీటి లోతు రాసుకోవాలి. రాత్రుళ్ళు ఒడ్డునే టెంట్లు. మొత్తం రెండు రాఫ్టులు. ముందుదానిలో ఆరుగురం. వెనకదానిలో నలుగురు, సామాను. తలా ఒక తెడ్డు, హెల్మెట్, లైఫ్ జాకెట్, జాకెట్ భుజానికి కత్తి. విసరడానికి సంచిలో చుట్టిపెట్టిన తాళ్ళు. నీళ్ళు దూరని మూటల్లో బియ్యం, పప్పు, పక్కబట్టలు. ఒక వైర్‌లెస్ సెట్టు.

నది పేరు, మా రెజిమెంటు పేరు ఇక్కడ అవసరం లేదు. దాసు వాళ్ళ నాయిన అడిగాడు కాబట్టి రాస్తున్నాను.

దాసు అంటే ప్రభుదాసు. రామకృష్ణాపూర్ వాడు. తండ్రి బొగ్గుబాయిలో కార్మికుడు. బాయిలో దెబ్బ తగిలినవాళ్ళకు కట్లు కట్టి పైకి మోసుకొచ్చే ఫస్ట్ ఎయిడ్ టీములో కూడా ఉండేవాడు. మా నాన్నదీ బాయి పనే. గోదావరికి అటు అతనూ ఇటు నేనూ పెరిగాం. కలుసుకున్నది మాత్రం పటాలంలో. ఆ పదిమందిలో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే. నన్ను బావ అనేవాడు. మా మధ్య ఏ వరసా లేదు.

మా నాయకుడు సుబేదార్ సాబ్. గఢ్వాల్ మనిషి. కొండ నదుల పక్కన పుట్టినవాడు. ముందు రాఫ్టు వెనక కూర్చుని దాన్ని నడిపేది ఆయనే. ఆ సాయంత్రం ఒడ్డున మమ్మల్ని నిలబెట్టి హిందీలో పాఠం చెప్పాడు.

"నీళ్ళలో పడితే వెల్లకిలా పడుకోండి. కాళ్ళు పైకి. పాదాలు నీరు పోయే వైపు. నీరు మోకాలి కిందికి వచ్చేదాకా నిలబడొద్దు. నడుము లోతులో నిలబడితే పాదం రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది. అప్పుడు నది మిమ్మల్ని వంచి ముంచుతుంది. లోతు ఎంతో దానికి అక్కర్లేదు."

ఒక్కొక్కరి చేత తిరిగి చెప్పించాడు. దాసు తప్పులేకుండా చెప్పి, నా పక్కకొచ్చి గొణిగాడు.

"బావ, మన గంగల పడితె ఎవడన్న పండుకుంటడా? కాలు ఆనిచ్చి లేసి నిలవడుడే. కింద ఇసుకనే కద."

మా దిక్కు గోదావరిని గంగ అంటారు.

"ఇది గంగ గాదురా" అన్నాను.

"ఎరుకే తియ్. పండుకొమ్మంటె పండుకుంట. ఫౌజుల నాకు మంచిగ వచ్చిన పని గదొక్కటే."

సుబేదార్ సాబ్ మా వైపు చూసి, ఏమంటున్నాడని అడిగాడు. పాఠం వల్లిస్తున్నాడని చెప్పాను.

మొదటి రోజు బాగానే గడిచింది. నీరు చల్లగా కాదు, నొప్పిగా ఉంది. అర గంటకే వేళ్ళు తెడ్డుకు అతుక్కుపోయినట్టు అయ్యేవి. సుబేదార్ సాబ్ "ఆగే" అంటే ముందుకు తెడ్డు వేయాలి. "పీఛే" అంటే వెనక్కి. "రుకో" అంటే ఎత్తి పట్టుకోవాలి. ఇంకో మాట ఉండదు. సాయంత్రం ఇసుక తిన్నె మీద టెంట్లు వేశాం. దాసు వాళ్ళ అమ్మ పంపిన పచ్చిమిరప తొక్కు తీశాడు. వైర్‌లెస్ ఆపరేటరు తిని, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, మళ్ళీ చెయ్యి చాపాడు. తర్వాత సెట్టు ముందు కూర్చుని బేస్‌కు చెప్పాడు. "అంతా క్షేమం, ఓవర్." అవతలి నుంచి గరగరమని ఏదో జవాబు వచ్చింది.

"రేపటి నుంచి లోయ ఇరుకు. సిగ్నలు అందదు. ఈ సెట్టును రాయి కింద లెక్కేసుకోండి" అన్నాడు ఆపరేటరు.

రెండో రోజు పొద్దున్నే బయల్దేరాం. రెండు వైపులా నిలువు కొండ. ఎండ నీటి దాకా దిగలేదు. ఒక వంపు తిరగగానే నది మెట్లు మెట్లుగా కిందికి పోతోంది. మూడో మెట్టు దగ్గర రాఫ్టు ఒక అంచు మీద లేచింది. అది మళ్ళీ నీటి మీద పరుచుకునేసరికి నా ముందు చోటు ఖాళీగా ఉంది.

దాసు మాకన్నా ముందు పోతున్నాడు. వెల్లకిలా, కాళ్ళు పైకి, పాదాలు వాలు వైపు. చెప్పింది చెప్పినట్టే చేస్తున్నాడు. పెద్ద అలలన్నీ అలాగే దాటాడు. ఎర్ర హెల్మెట్ మునుగుతోంది, తేలుతోంది. కింద ఒడ్డు పక్కన నీరు పలచబడింది. అడుగు రాళ్ళు కనబడుతున్నాయి. అక్కడ అతను లేచి నిలబడ్డాడు. తల మాత్రం మా వైపు తిప్పి చెయ్యి ఊపాడు కూడా.

సుబేదార్ సాబ్ అరిచాడు. ఆ హోరులో అది చేరలేదు.

ఊపిన చెయ్యి అలాగే ఉండగా దాసు ముందుకు వంగాడు. నీరు నడుము దాకానే. వెనక నుంచి అది అతని వీపు మీద ఎక్కి కూర్చుంది. తల లోపలికి పోయింది. చేతులతో నెట్టి లేచాడు. మళ్ళీ పోయింది.

రాఫ్టును ఒక బండ చాటున నిలిపాం. సుబేదార్ సాబ్ తాడు కొసతో నది మధ్య బండ మీదికి దూకాడు. రెండో కొస ఒడ్డున ఇద్దరు పట్టుకున్నారు. తాడును దాసు ఛాతీ కిందికి తెచ్చి బిగించారు. అతను దాని మీద వాలాడు. ముక్కు నీటి పైకి వచ్చింది. అప్పుడు నేను దిగాను. పాదం ఎత్తకుండా, రాయి మీద నుంచి రాయి మీదికి జరుపుకుంటూ పోయాను. కత్తి తీసి మునిగాను.

రెండు రాళ్ళ మధ్య బూటు చీలమండ దాకా దిగి ఉంది. లాగితే కదల్లేదు. లేసులు కోశాను. ఊపిరి కోసం లేచి, మళ్ళీ మునిగి, మిగతావి కోశాను. పాదాన్ని ఎదురు నీటికి లాగాను. పాదం వచ్చింది. బూటు రాలేదు.

ఒడ్డున పడుకోబెట్టాక చూశాం. చీలమండ పైన ఎముక విరిగింది. పాదం ఉండాల్సిన వైపు లేదు.

"బావ, కాలున్నదా?"

"ఉన్నది."

"మరి బూటేది?"

"అది రానంటంది."

"ఉండనీ. దానికి డ్యూటీ వడ్డది" అన్నాడు. తర్వాత పళ్ళు గిట్టకరుచుకున్నాడు.

ఆపరేటరు సెట్టు తీశాడు. "హలో బేస్, హలో బేస్, ఓవర్." గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. కొండ ఎక్కడానికి చోటు లేదు. పైకి పోవాలంటే దిగిన నీటికి ఎదురీదాలి. సుబేదార్ సాబ్ లోతులు రాసే పుస్తకం మూటలో పెట్టేశాడు.

"రాసుకునే పని ఆగింది. ఇక ఒకటే పని. వీణ్ణి కింది వంతెనకు చేర్చాలి, కాలుతో సహా" అన్నాడు.

కట్టు ఎలా కట్టాలో దాసే చెప్పాడు. అతను తెలుగులో చెప్పాడు, నేను హిందీలో చెప్పాను, మిగతావాళ్ళు చేశారు. టెంటు కర్రలు రెండు పక్కలా పెట్టాలి. మధ్యలో ఉన్ని బనీన్లు కూరాలి. విరిగిన చోటుకు పైనా కిందా కట్టాలి, దాని మీద కట్టకూడదు. వేళ్ళు బయటకు కనబడాలి.

"వేళ్ళు నల్లవడితె కట్టు వదులు చెయ్యిరి. తెల్లగున్నయా?"

"సలికి అందరియి తెల్లగనే ఉన్నయిరా."

"గట్లయితె నీ వేలు పక్కన వెట్టి సూడు. మా నాయిన గట్లనే సూస్తడు."

రాఫ్టు అడుగున మూటల మీద పడుకోబెట్టి పట్టీలతో బిగించాం. నేను అతని తల దగ్గర కూర్చున్నాను. బయల్దేరబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పటిదాకా లేని భయం ముఖంలో ఉంది.

"బావ, నాకు ఆకాశం తప్ప ఏం కనవడ్తలేదు."

"ఏం ఫికర్ వెట్టుకోకు."

"గదనకు. బాయిల మా నాయినోల్లు ఫికర్ వెట్టుకోకని ఒక్కనాడు అనకపోతుండె. స్ట్రెచర్ మీదున్నోనికి పైకప్పే కనవడ్తది. ఎక్కడున్నడో తెల్వక పాణం జారిపోతది. అందుకని మలుపు మలుపుకు చెప్పుకుంట తెస్తరు. మలుపు వచ్చింది, ఎత్తు వచ్చింది, బయటి ఎలుగు కనవడ్తందని. నువ్వు గూడ చెప్పు."

చెప్పాను. ప్రతి వంపు దగ్గరా వంగి, చెవిలో. "మలుపు వచ్చింది, దాసూ. కుడికి తిరుగుతున్నం. ముందల తెల్ల నీళ్ళున్నయి, చిన్నయే." అతను తల ఊపేవాడు. అల మీద పడ్డప్పుడు అరిచేవాడు. తర్వాత, "అయిపాయెనా?" అనేవాడు. "ఇంకొకటున్నది" అనేవాణ్ణి. అబద్ధం చెప్పలేదు. ఒక్కటి తప్పు చెప్పినా మిగతావి నమ్మడు.

సాయంత్రానికి సుబేదార్ సాబ్‌కు సంగతి అర్థమైంది. నేను నీళ్ళు తాగుతుంటే వెనక నుంచి ఆయనే అరిచాడు. "మల్పూ! దాసూ, మల్పూ!"

దాసు ఆ రోజు మొదటిసారి నవ్వాడు. "సాబ్‌కు తెలుగొచ్చింది, బావ. ఇగ మనం ఆయన్ని తిట్టుకునుడు బంద్."

మూడో రోజు దారిలో ఒక జలపాతం లాంటిది వచ్చింది. దానిలోకి అతన్ని దించలేం. ఒడ్డు వెంట ఇంటి ఎత్తు బండలు. తెడ్లు, తాడు కలిపి స్ట్రెచర్ అల్లాం. మనిషి నడిచే చోటు కాదు కాబట్టి ఎవరూ నడవలేదు. బండకు ఒకరు చొప్పున కూర్చున్నాం. చేతుల మీద ముందుకు అందించాం. దాటించినవాడు బండల మీద పాకుతూ ముందుకు పోయి మళ్ళీ కూర్చునేవాడు. పగలంతా అదే పని. మోచేతుల చర్మం ఎవరికీ మిగల్లేదు. అందించిన ప్రతివాడూ ఒక మాట అన్నాడు. ఒకడు పంజాబీ, ఒకడు బెంగాలీ. మాట మాత్రం ఒకటే. మల్పూ.

ఆగిన ప్రతి చోటా నా వేలు అతని వేళ్ళ పక్కన పెట్టి చూశాను. నాలుగో రోజు పొద్దునకి చిన్న వేలు రంగు మారింది. కట్టు వదులు చేశాం. ఎండ ఎక్కాక రంగు తిరిగి వచ్చింది. ఆ మధ్యాహ్నం లోయ తెరుచుకుంది. సెట్టులో మనిషి గొంతు వినబడింది. ఆపరేటరు ఏడుస్తూనే సందేశం ఇచ్చాడు.

"ఎలుగు కనవడ్తంది, దాసూ" అన్నాను. "వంతెన."

కాలు నిలిచింది. లోపల ఇనుప కడ్డీ వేశారు. కాస్త పొట్టి అయింది. అతన్ని ఇంటికి పంపారు. కొన్నేళ్ళకు నేనూ వచ్చేశాను. దాసు రామకృష్ణాపూర్‌లోనే బొగ్గుబాయి గేటు దగ్గర సెక్యూరిటీ పనిలో చేరాడు. కుంటి నడక గురించి పిల్లలు అడిగితే ఒకరికి మొసలి పట్టిందనీ, ఇంకొకరికి చిరుతతో కుస్తీ పట్టాననీ చెప్పేవాడు. ఒక పెళ్ళిలో నా ముందే చైనావాళ్ళ తూటా అని చెప్పాడు. నేను ఖండించలేదు.

ఈ వానాకాలం డ్యూటీలో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. దవాఖానకు చేరేలోపు అయిపోయింది. గుండె అన్నారు.

సమాధుల తోటకు బండి మీద తీసుకుపోయాం. పెట్టె పక్కనే వాళ్ళ నాయిన నడిచాడు, కర్ర పట్టుకుని. నీళ్ళ ట్యాంకు మూల తిరుగుతుంటే పెట్టె మీదికి వంగాడు. "మలుపు వచ్చింది, బిడ్డా" అన్నాడు. చర్చి దగ్గర మళ్ళీ అన్నాడు. మూడో మూల దగ్గర పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. నేను అవతలి పక్క నడుస్తున్నాను. నేను చెప్పాను. అక్కణ్ణించి తోట దాకా నేనే చెప్పాను.

ఇంట్లో ఆదరణ కూడిక ప్రార్థన ముగిశాక దాసు నాయిన నన్ను గదిలోకి పిలిచాడు.

"కాలు సంగతి వాడు ఒక్కలకొక్క తీరుగ చెప్పిండు. నాకైతె బాత్రూముల జారిన అన్నడు. నువ్వక్కడుంటివి. ఉన్నదున్నట్టు రాయి, కొడుకా. సదువుకుంట."

"మీరు నేర్పినట్టే కట్టు కట్టినం, కాక" అన్నాను. "మీ లెక్కనే చెప్పుకుంట తెచ్చినం."

ఆయన చాలాసేపు తన వేళ్ళ వైపు చూసుకున్నాడు.

రాశాను. కాక చదువుకోవడానికి ఇది చాలు. నాకు ఇంకొకటి మిగిలింది. ఆ రోజు రెండోసారి మునిగి పాదం లాగాక, లేచే ముందు ఒక్క క్షణం కళ్ళు తెరిచాను. ఆకుపచ్చ నీళ్ళలో రెండు రాళ్ళ మధ్య బూటు నిటారుగా నిలబడి ఉంది. కోసిన లేసులు నీటి వెంట కదులుతున్నాయి. లోపల ఎవరూ లేరు.