పెద్దమ్మ మొక్కిన నీలం

ఇన్నేళ్లుగా ఈ మాట గొంతు దాకా వచ్చి వెనక్కి పోతోంది. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నన్ను పెంచిన పెద్దమ్మ రోజూ మొక్కే అమ్మవారిని నేను దొంగిలించాను.

నిజానికి అది అమ్మవారి పటం కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఎవరో డచ్ చిత్రకారుడు వేసిన తైలవర్ణ చిత్రం. అందులో మనిషి లేడు, చెట్టు లేదు. అంతా చిక్కటి నీలం, మధ్యలో రంగు కత్తితో మెత్తిన పసుపు, అడుగున కాస్త ఎరుపు. మలేసియాలో మా సుంగై సిపుట్ రబ్బరు తోటలో పెద్దమ్మ వంట చేసిపెట్టిన దొరసాని, దేశం వదిలి వెళ్తూ దాన్ని ఆమెకిచ్చింది. ఇది దేని బొమ్మా కాదని కూడా చెప్పిందట. దేని బొమ్మా కాకపోతే అమ్మోరే అనుకుంది పెద్దమ్మ. దేవుడి గూట్లో పెట్టి, ప్రతి శుక్రవారం దాని మీదే పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వేపమండలు తెచ్చి దండం పెట్టుకునేవారు.

నాకు కావలసింది ఆ నీలం. చిన్నప్పుడు మధ్యాహ్నపు వానలో, జింకు రేకుల మోతలో, దాని ముందు కూర్చుంటే ఒళ్లు తేలిపోయేది. ఎక్కడికో ఈదుకుంటూ పోయి, పెద్దమ్మ పిలిస్తే తడిసినట్టు లేచేదాన్ని. బొమ్మలు వేయడం నేర్చుకున్నాక ఆ బొట్లు చూస్తే ఒళ్లు మండేది. ఇంత గొప్ప చిత్రాన్ని వీళ్లు పాడు చేస్తున్నారు అనుకున్నాను. వీళ్లు! అంత పొగరు నాకెక్కడిది?

మసి పట్టింది, శుభ్రం చేసి తెస్తానని ఇపో పట్నంలోని నా గదికి పట్టుకొచ్చాను. అచ్చం అలాంటిదే ఒకటి వేసి, పాత చట్రంలో బిగించి, తీసుకెళ్లి గూట్లో పెట్టాను. అప్పటికే పెద్దమ్మ కళ్లకు పొర కమ్మింది. వేళ్లతో తడిమి చూసింది.

“ఏటే, అమ్మోరి మొకం ఇంత సల్లగుంది?”

“కడిగినాను పెద్దమ్మా.”

“నాను సూడలేకపోయినా నువ్వు సూసుకున్నావు గదా. నీ కడుపు సల్లగుండ.”

ఆ దీవెన అందుకుని, అసలుది దాచుకున్న ఇపో గదికి బస్సెక్కాను.

అసలుదాని మీది బొట్లన్నీ తుడిచాను. కుంకుమ పోయింది. రంగు గీతల సందుల్లో పసుపు మాత్రం పోలేదు. మళ్లీ అలా తేలిపోతానని దాని ముందు కూర్చున్నాను, చాలాసార్లు. నీలం నీలంగానే ఉంది. చివరికి గోడవైపు తిప్పేశాను. నా బాధ పెద్దమ్మను మోసం చేసినందుకా, దొంగిలించింది నాకు దక్కనందుకా? ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు.

పోయిన నెల పెద్దమ్మ పిలిపించింది. తను పోయాక అమ్మవారు దిక్కులేకుండా ఉండకూడదని, పటాన్ని తోట గుడికి ఇచ్చేస్తానంది. నేనే మోయాలట. గుడి దాకా చెబుదామనే నడిచాను. అసలుది తెచ్చి మార్చేద్దామనీ అనుకున్నాను. కానీ ఇన్నేళ్లూ ఆమె ఏడ్చిందీ, మొరపెట్టుకున్నదీ నా బొమ్మ ముందే కదా. ఇప్పుడు ఏది పెడితే ఆమెది ఆమెకిచ్చినట్టు?

తొలి బొట్టు నన్నే పెట్టమంది. నా వేలు పట్టుకుని కుంకుమలో ముంచింది. నేను వేసిన బొమ్మకి నేనే బొట్టు పెట్టాను. అందరూ మొక్కారు. పెద్దమ్మ నా పక్కనే నిలబడి, నా పేరు చెప్పి మొక్కుకుంది. నోరు తెరిచాను. హారతి గంట మోగింది. మూసుకున్నాను.

ఆమెకు చెప్పలేనిది మీకు చెప్పాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అమ్మవారు మాత్రం ఇంకా నా గదిలోనే, గోడవైపు తిరిగి ఉంది.