తెర పక్కన కూర్చున్న అమ్మాయి

చిత్తూరులో నేను చదివిన కథోలిక సిస్టర్ల హైస్కూల్లో నాటకాల హాలు ఒకప్పుడు చర్చి. కొత్త చర్చి కట్టుకున్నాక, ఆ పాత రేకుల షెడ్డుకు తెర వేలాడదీసి మాకిచ్చారు. పూజాపీఠం ఉండిన అరుగే మా స్టేజీ. అక్కడ గట్టిగా మాట్లాడాలన్నా భయంగా ఉండేది.

డెబ్బైల చివర, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, క్రిస్మస్ నాటకంలో చుక్కను చూపించే గొల్లపిల్ల వేషం హాస్టల్లో ఉండే ఒక అమ్మాయికి వచ్చింది. వాళ్లది నగరి, నేతపని ఇల్లు. రిహార్సల్లో ఆమె చెయ్యెత్తి, "సూడండి, తూరుపున సుక్క!" అంది.

అందరికంటే ముందు పగలబడి నవ్వింది నేనే. మా నాయన తెలుగు పంతులు, నా మాట తీరుగా ఉంటుందని పేరు. మర్నాడు సిస్టర్ ఆ వేషం నాకు మార్చి, ఆమెను తెర పక్కన పీటేసుకుని మాటలు అందించమన్నారు.

"దిగులు పడొద్దు మే. నువ్వు మర్సిపోతే నేనుండా," అంది ఆ అమ్మాయి నాతో.

డిసెంబరు మొదట్లో ఆమెకు పచ్చకామెర్లు తగిలాయి. ఇంటికి తీసుకెళ్లారు. పది రోజులకు పోయిందని కబురొచ్చింది.

ట్రంకుపెట్టె తీసుకుపోవడానికి వాళ్ల నాయన వచ్చాడు. సిస్టర్ పెట్టె తెప్పించేలోగా వరండాలో నన్ను అడిగాడు.

"సుక్కను సూపించే యేసం నాదే నాయనా అని జాబు రాసిండె. నిజమేనా పాపా?"

వేషం పోయిన సంగతి ఇంట్లో చెప్పుకోలేదన్నమాట.

"నిజమే మామా," అన్నాను.

"అట్లయితే నాటకానికి వస్తా. యాడ నిలబడుండునో ఆ జాగానన్నా సూసుకుంటా."

నాటకం రోజు మధ్యాహ్నం ఆయన చివరి బెంచీలో కూర్చున్నాడు. నా వంతు వచ్చింది. నేనేమీ మరిచిపోలేదు. చెయ్యెత్తాను. నోట్లోంచి మాత్రం "సూడండి, తూరుపున సుక్క!" అని వచ్చింది. ఆ గొంతు నాది కాదు. ఉలిక్కిపడి తెర పక్కకు చూశాను. పీట ఖాళీగా ఉంది. హాల్లో ఒక్కరూ నవ్వలేదు.

అయిపోయాక ఆయన స్టేజీ దగ్గరికి వచ్చాడు.

"అచ్చం మా పాప మాదిరే సెప్పినావమ్మా. అదే నేర్పిచ్చిందా?"

ఆ వేషం ఆమెకు దక్కకుండా చేసింది నేనేనని చెప్పబోయాను. ఆయన అరుగును అరచేత్తో తడుముతున్నాడు. తలూపాను. ఆయన చెప్పులు తొడుక్కుని బస్సుకు వెళ్లిపోయాడు.

ఎనభైల్లో ఆ షెడ్డు తీసేసి పెద్ద ఆడిటోరియం కట్టారు. ప్రారంభానికి పాత విద్యార్థులను పిలిచారు. గేటు దాకా వెళ్లి, రిక్షా దిగకుండానే వెనక్కి తిప్పమన్నాను.

ఇప్పటికీ నగరిలో బస్సు ఆగినప్పుడల్లా మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. దిగుదామా అనుకునేలోపే కండక్టరు విజిలేస్తాడు.