మిరప బస్తాల మధ్య మీటింగు

జానకిరామయ్యగారికి అసలు తుమ్మే రాదా, వచ్చినా బయటికి రానివ్వరా? నల్లపాడు రోడ్డులోని ఆ కోల్డ్ స్టోరేజీలో పనిచేసినవాళ్ళు ఎక్కడ కలుసుకున్నా ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. జవాబు ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. మేనేజరుగా ఆయన మీటింగు పెడితే మిరప బస్తాల మధ్యే పెట్టేవారు, నిలబెట్టే పెట్టేవారు. ఎవరో ఒకరికి తుమ్ము వచ్చిందంటే అంతటితో మీటింగు అయిపోయినట్టు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో వేదశ్రీ అక్కడ ఆఫీసు అసిస్టెంటుగా చేరింది. మీటింగులో అనుకున్నవన్నీ రాయడం ఆమె పని. మొదటిరోజు బస్తాల మధ్యకి వచ్చి, కుర్చీ కోసం అటూ ఇటూ చూసింది.

"కూర్చుంటే మాటలు సాగుతాయమ్మా," అన్నారు జానకిరామయ్య. "నిలబడే రాసుకో. పొట్టిగా రాసుకో."

చోటు ఎంచడంలోనూ ఆయనకొక పద్ధతి ఉండేది. మామూలు సంగతులైతే రంగే తప్ప కారం అంతగా లేని బ్యాడిగి బస్తాల పక్కన. కాస్త పట్టుదలలున్న వ్యవహారమైతే ఇంకొంచెం కారమున్న సన్నాల దగ్గర. వాదించే మనిషి ఒక్కడున్నా తిన్నగా తేజ బస్తాల మధ్యకి. అక్కడ గాలి కూడా కుట్టేది. ఇవాళ తేజ దగ్గర మీటింగని పొద్దున్నే తెలిస్తే, గొడవపడాల్సినవాళ్ళు మధ్యాహ్నానికే రాజీపడి వచ్చేవాళ్ళు.

ఎలక్ట్రీషియన్ రంజాన్‌ని కంప్రెసర్ ఎందుకాగిందని అడిగితే, మునుపు తన బావమరిది పెళ్ళి దగ్గర్నుంచి మొదలుపెట్టేవాడట. తేజ బస్తాల మధ్య అదే ప్రశ్నకి, బెల్టు తెగిందండి, రేపు వేస్తానండి అని ముక్కు పట్టుకుని పరుగెత్తాడు. గుమాస్తా జయరావుకి ఏ విషయంలోనైనా రెండు వైపులు కనిపించేవి. జానకిరామయ్య హయాంలో ఆ రెండో వైపు ఏమిటో ఎవరూ వినలేదు.

వేదశ్రీ ముక్కు ఎర్రబడింది, కళ్ళు వాచాయి, తలంటుకున్నా ఘాటు వదల్లేదు. ఈ పెద్దమనిషికి మనుషులంటేనే గిట్టదని, అందుకే ఎవరి మాటా పూర్తికానివ్వడని తేల్చేసుకుంది. మేడ మీద నున్నటి టేకుబల్ల, మెత్తటి కుర్చీలు ఉండగా ఈ శిక్ష ఎందుకని గొణుక్కునేది.

ఆ గొణుగుడు విన్నట్టే యజమాని కొడుకు రామకాంత్ హైదరాబాదులో మేనేజ్‌మెంట్ చదువు ముగించుకుని దిగాడు. మంచివాడే. ఎదుటివాడి అభిప్రాయం అడిగి, తర్వాత తన అభిప్రాయం చెప్పి, ఆపైన రెండూ ఒకటేనని వివరించేవాడు. రోజూ సాయంత్రం మీటింగు జరిగి తీరాలన్నది వాళ్ళ నాన్న పెట్టిన కట్టడి. అది ఇకనుంచి పైన, ఏసీ గదిలో జరగాలన్నది ఈయన చేర్చిన ముక్క. పైకి రావడం ఇష్టంలేకపోతే వేరే ఉద్యోగం చూసుకోవచ్చని జానకిరామయ్యకి నవ్వుతూనే చెప్పాడు. ఆ వయసులో ఉద్యోగం పోతే మళ్ళీ ఇచ్చేవాళ్ళు లేరని ఇద్దరికీ తెలుసు.

"చూద్దాం బాబూ," అన్నారాయన.

మేడ మీద రామకాంత్ పెట్టిన మొదటి మీటింగుకి విషయం, మీటింగుల్లో కాలం వృథా కాకుండా చూడడం ఎలా అన్నది. టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి, ప్రొజెక్టరులోంచి గోడ మీద రంగురంగుల బొమ్మలు పడ్డాయి. జయరావు జీవితంలో మొదటిసారి రెండో వైపుకి చేరుకుని, అక్కడ మూడోదాన్ని కనిపెట్టాడు. రంజాన్ బావమరిది పెళ్ళిలో భోజనాలు మొదలయ్యాయి. కాలం వృథా మీద ఒక కమిటీ వేయాలని, అది ఎప్పుడెప్పుడు కూర్చోవాలో తేల్చడానికి రేపు మళ్ళీ కూర్చోవాలని నిర్ణయమైంది. వేదశ్రీ మెత్తటి కుర్చీలో చల్లగా కూర్చుని అన్నీ రాసుకుంది. జానకిరామయ్య మాత్రం కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడి కిందికే చూస్తున్నారు.

కాసేపటికి ఆయన వచ్చి సూపర్‌వైజర్ త్రినాథ్ భుజం తట్టారు.

"లే త్రినాథ్. కింద తూకం చూసి గేటు తియ్యి. ప్రత్తిపాడు బస్సొచ్చే వేళైంది."

"అది అజెండాలో లేదండీ," అన్నాడు రామకాంత్.

"లేదు బాబూ. అందుకే పోతున్నాం."

"ఇప్పుడు దిగితే రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

"సరే," అని ఆయన మెట్లు దిగిపోయారు. త్రినాథ్ ఒకసారి రామకాంత్ వైపు, ఒకసారి మిగిలిన బిస్కెట్ల వైపు చూసి, రెంటినీ వదులుకుని వెనకే వెళ్ళాడు.

ఎందుకు లేచిందో తనకే తెలియకుండా వేదశ్రీ కూడా దిగింది. గేటు దగ్గర మిరపకాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. త్రినాథ్ వచ్చి వాళ్ళు తీసిన కాయ తూకం చూస్తేగాని గేటు తెరుచుకోదు. మీటింగు అయితేగాని త్రినాథ్ రాడు. గుంపులో ముందున్న కోటిరత్నం అసలు సంగతి చెప్పింది. మునుపు మేడ మీద మీటింగులు జరిగే రోజుల్లో వాళ్ళకి చివరి బస్సు దాటిపోయేది. పిల్లల్ని చంకనేసుకుని, లారీల పక్కన చీకట్లో నడిచి ఇళ్ళకి చేరేవాళ్ళు. పెద్దయ్యగారి కట్టడి మాన్పించడం మేనేజరుగారి వల్ల కాలేదు. అందుకని మీటింగునే బస్తాల మధ్యకి దించారు.

"లోపల తుమ్ము వినపడితే చాలమ్మా, మేం గంపలు సర్దుకునేవాళ్ళం," అంది కోటిరత్నం. "నువ్వొచ్చాక ఇంకా హాయి. నీ తుమ్ము రోడ్డు దాకా వినపడుద్ది తల్లీ."

కోపం తెచ్చుకుందామని చూసింది వేదశ్రీ. నవ్వొచ్చింది.

తూకం ముగిసింది, గేటు తెరుచుకుంది, బస్సు కూడా వచ్చి ఆగింది. ఆడవాళ్ళు ఎక్కుతుండగా రామకాంత్ కిందికి దిగి, మేనేజరు రేపట్నుంచి రానక్కర్లేదని అందరూ వినేట్టు ఇంకోసారి అన్నాడు. బస్సు మెట్టు మీదున్న కోటిరత్నం కిందికి దిగింది.

"ఆయన రాకపోతే మేమూ రామండీ. తొడిమలు మీరే తీసుకోండి. ఆ మెత్తకుర్చీల్లో కూర్చునే తీసుకోండి."

లోపలున్నవాళ్ళు కూడా దిగబోయారు. డ్రైవరు హారన్ కొట్టాడు. రామకాంత్ యార్డునిండా గుట్టలుపడి ఉన్న ఎర్రటి కాయని చూశాడు. ఒకామె భుజం మీద నిద్రపోతున్న పసిపిల్లని కూడా చూశాడు.

"ముందు మీరు బస్సెక్కండమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. తర్వాత ఇటు తిరిగి, "మేనేజరుగారూ, రేపు మీటింగెక్కడో మీరే చెప్పండి," అన్నాడు.

అందరూ ఆయన కోసం చూశారు. ఆయన అక్కడ లేరు. చివరి గంప తూకం అయిందని చూసుకున్న మరుక్షణమే సైకిలెక్కేశారు. వెళ్ళొస్తానని ఎవరికీ చెప్పకుండా, వెనక్కి తిరక్కుండా, నల్లపాడు రోడ్డు మీద తీరిగ్గా తొక్కుకుంటూ పోతున్నారు.