ముందు చుట్టానికి

ఆ ఆదివారం నిజామాబాద్ నుంచి రుద్రూర్‌కు విసుక్కుంటూనే వెళ్లాను. నేను వాడుకుని మా అవ్వకు ఇచ్చిన పాత ల్యాప్‌టాప్ తెరుచుకోవడం లేదట. కన్నతల్లిని మేం అవ్వ అనే పిలుస్తాం. ఆమె దాంట్లో చర్చి పాటలు పెట్టుకుని వింటుంది.

మీట నొక్కితే నల్లటి తెర మీద నాలుగు తెల్లటి అక్షరాలు, అంతే. చూస్తే పక్కన పాటల పెన్‌డ్రైవ్ గుచ్చే ఉంది.

"గిది తియ్యకుంట ఎట్ల ఆన్ జేస్తున్నవే అవ్వా? ఇది ముందుగాల పెన్‌డ్రైవుల ఎతుకుతది. గండ్ల పాటలు తప్ప ఏం లేవు. గాడనే ఆగిపోతది. సొంత డిస్కు దిక్కు సూడనే సూడదు" అని కసిరాను.

"గండ్ల తప్పేముంది బిడ్డా? సుట్టమొస్తె ముందుగాల సుట్టానికే పెడ్తం గద. ఇంటోల్లు తర్వాత."

నేను బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి, ముందు దేంట్లో వెతకాలో చెప్పే బూట్ వరుస మార్చాను. సొంత డిస్క్ పైకి, పెన్‌డ్రైవ్ కిందికి. ఈసారి పెన్‌డ్రైవ్ ఉన్నా ల్యాప్‌టాప్ తెరుచుకుంది.

అవ్వ నన్ను వంటింట్లోకి పిలిచి, కంచంలో వేడి అన్నం పెట్టి, కోడికూర గిన్నె దగ్గరికి జరిపింది. బాపు ఇంకా చెరకు తోట నుంచి రాలేదు. నేను పెళ్లై అత్తారింటికి వెళ్లకముందు, ఆయన తిన్నాకే నేనూ అవ్వా ఒకే కంచంలో తినేవాళ్లం.

చెయ్యి కడుక్కోబోయి ఆగాను.

"నేను సుట్టాన్నా అవ్వా?"

అవ్వ నా మొహంలోకి చూసింది. కంచంలోది మళ్లీ అన్నం గిన్నెలోకి వంచి మూత పెట్టింది.

"మీ బాపును రానియ్యి" అంది, నా పక్కన కూర్చుంటూ.