ఆరోసారి తీసిన గుప్పెడు

ఏ పరిశోధన లెక్కల పట్టిక చూసినా వీరవేణిగారు ముందు బస్సు పాసు తీసి పి-విలువల గడి మీద పెడతారు. ఫలితానికి కింది హద్దూ పై హద్దూ ఉండే చివరి రెండు గడులూ చదివాకే పాసు తీస్తారు. ఈ అలవాటు రెండేళ్ళ క్రితం, ఉప్పాడలో ఒక మధ్యాహ్నం మొదలైంది.

మర్నాడు పదకొండింటికి ఆవిడ పీహెచ్‌డీ సెమినార్. చేపలమ్మే రెండువందల పన్నెండుమంది ఆడవాళ్ళని అడిగి చేసిన పరిశోధన. శిక్షణ తీసుకుంటే బేరంలో ధైర్యం పెరుగుతుందన్నది మూడో పరికల్పన. థీసిస్ శీర్షిక కూడా అదే.

ఆవిడ వాడిన పీఎల్ఎస్ అనే గణాంక పద్ధతిలో చివరి మెట్టు బూట్‌స్ట్రాపింగ్. ఉన్న జవాబుల కుప్పలోంచే ఒక్కొక్కటి తీసి, చూసి, తిరిగి వేస్తూ కంప్యూటరు రెండువందల పన్నెండు తీస్తుంది. అలా ఐదువేలసార్లు తీసి, ఫలితం ఎంత ఊగుతోందో చెబుతుంది. శిక్షణ ప్రభావం 0.14 అని వచ్చింది. కానీ అది ఊగే హద్దులు -0.01, 0.29. మధ్యలో సున్నా ఉంది, అంటే అసలు ప్రభావమే లేకపోవచ్చు. ప్రభావం లేకపోయినా ఇంత ఫలితం వచ్చే అవకాశమెంతో చెప్పే పి-విలువ 0.067; ఉండాల్సింది 0.05 లోపు.

గైడు సురేష్‌బాబుగారు ఫోన్లో విసుక్కున్నారు.

"శీర్షికే దాని మీద ఉందమ్మా! అది తేలకపోతే నేను సంతకం ఎలా పెట్టను? ఐదువేలు తీసేసి వంద పెట్టండి. నాలుగుసార్లు రన్ చేస్తే ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది."

వీరవేణిగారు వంద పెట్టారు. 0.081. మళ్ళీ నొక్కారు. 0.059. ఆరోసారి 0.044.

గుమ్మంలో రొయ్యలు ఏరుతున్న తల్లి అప్పాయమ్మ తలెత్తింది.

"ఏంటే, ఊపిరి బిగబట్టేవు? పాసయ్యావా?"

"అయినట్టేనమ్మా. ఆరోసారికి వచ్చింది."

"మరి ముందు ఐదుసార్లూ?"

వీరవేణిగారు విషయం చెప్పారు. అప్పాయమ్మ నవ్వింది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చెప్పేముందు ఆమె కుప్పలో పదిచోట్ల చెయ్యి పెడుతుంది. గుప్పెడు తీసి, లెక్కపెట్టి, తిరిగి వేసేస్తుంది.

"మన వీరదుర్గ లేదూ, పెద్ద రొయ్యలొచ్చిన గుప్పెడే చూపిస్తుంది. దాని బుట్ట దగ్గర ఎవరాగుతున్నారు? నువ్వెప్పుడు దాని శిష్యురాలివయ్యావే?"

"నీకేం తెలుసు! సంతకం పెట్టకపోతే నాలుగేళ్ళు పోతాయి."

"పోతే పోనీ. ఆ గుప్పెడు కుప్పలో వేసెయ్."

వీరవేణిగారు వంద చెరిపి పదివేలు పెట్టారు. 0.068. కింది హద్దు ఇంకా సున్నాకి కిందే ఉంది. స్లయిడ్ మీద రాశారు: 'మూడో పరికల్పనకు ఆధారం చాలలేదు.' శిక్షణ పనికిరాదని కాదు. పనికొస్తుందని చెప్పడానికి ఈ జవాబులు చాలవు, అంతే.

మర్నాడు ఆ స్లయిడ్ రాగానే సురేష్‌బాబుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నేను చెప్పింది చెయ్యలేదా?"

"చేశానండి. ఆరోసారికి వచ్చింది. ఆ ఆరుసార్లూ థీసిస్‌లో రాయమంటారా సార్?"

ఆయన కాగితాలు సర్దుకున్నారు. "శీర్షిక మార్చుకుని రండి" అన్నారు. సంతకం పెట్టలేదు.

ఇంకో ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా దరఖాస్తు పెట్టాల్సిన లెక్చరర్ ఉద్యోగం గడువు దాటిపోయింది. డాక్టరేట్ కిందటేడు వచ్చింది, వేరే శీర్షికతో.

ఇప్పుడు వీరవేణిగారు తునిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతున్నారు. ఉప్పాడ నుంచి రోజూ బస్సులో వెళ్ళొస్తారు.