ఖిల్లా వెనక వాడలో ఏడో పేరు

1976 జూన్‌లో నన్ను జగిత్యాలకు బదిలీ చేశారు. అప్పుడు నేను కుష్ఠు నివారణ పనిలో పారామెడికల్ వర్కర్‌ని. డాక్టరునూ కాదు, కాంపౌండరునూ కాదు. ఇల్లిల్లూ తిరిగి మనుషుల ఒంటిని చూసే ఉద్యోగం. మా పైన సూపర్‌వైజరు, ఆయన పైన మెడికల్ ఆఫీసరు. నాకు పాత ఊరు అప్పగించారు. ఆ గల్లీల్లో జీపు పట్టదు. సైకిలు మీద వెళితే ఇంటింటికీ ఎక్కి దిగడమే సరిపోతుంది. అందుకని నడిచాను.

ప్రతి ఇంటికీ ఒక కార్డు ఉండేది. ఇంట్లోవాళ్ళ పేర్లు వరసగా రాసి, పగటి వెలుతురులో ఒక్కొక్కరి వీపు, చేతులు, కాళ్ళు చూడాలి. పాలిపోయిన మచ్చ కనబడితే, కళ్ళు మూసుకోమని చెప్పి దూది వత్తితో అక్కడ తాకాలి. తాకిన చోటు వేలితో చూపించలేకపోతే అనుమానించాలి. మోచేతి వెనక నరం లావెక్కిందేమో తడిమి చూడాలి. చూసినవాళ్ళ పేరు పక్కన టిక్కు, చూడనివాళ్ళ పక్కన సున్నా. సున్నా ఉన్న ఇంటికి మళ్ళీ వెళ్ళి తీరాలి. ఆడవాళ్ళను చూసేటప్పుడు ఇంటి పెద్దామె గాని, మా క్లినిక్ నర్సమ్మ గాని పక్కన ఉండాలి. మొదట్లోనే పట్టుకుంటే మాత్రలతో నయమవుతుంది. నరం చచ్చిపోయాక మాత్రలు రోగాన్ని ఆపుతాయి గాని, వంగిన వేళ్ళను చాపలేవు.

మొదట సాలెల వాడ చూశాను. మగ్గాల చప్పుడులో మాట వినబడేది కాదు. నన్ను చూడగానే ఆడవాళ్ళు నవ్వేవారు.

“అక్కా, గీ సారు మల్లొచ్చిండే! మనం బట్టలు నేస్తుంటే గీయనేమో ఇప్పుమంటడు!”

ఒక ముసలామె మొగుణ్ణి ముందుకు తోసి, “ముందుగాల మా ముసలాయనను చూడు సారూ. మచ్చల సంగతి తర్వాత, పనిజేసే నరం ఒక్కటన్న ఉన్నదేమో చూడు” అంది. నవ్వులాటలోనే వాడ వాడంతా ఒళ్ళు చూపించింది. అక్కడ నా కార్డుల్లో సున్నాలు మిగల్లేదు.

ఖిల్లా గోడ చుట్టి వెనక్కి వెళితే ఊరే మారిపోయేది. మనిషెత్తు మట్టి గోడలు, పెద్ద దర్వాజాలు, ఒక్కో దర్వాజాలో వంగి దూరేంత చిన్న తలుపు. పావురాల చప్పుడు తప్ప మరో చప్పుడు ఉండేది కాదు. భూములున్న కుటుంబాలు అక్కడ ఉండేవి. ఆ నిశ్శబ్దం నాకు నచ్చింది. పని అయిపోయాక కూడా ఒకటి రెండుసార్లు ఆ గల్లీల్లో ఊరికే నడిచానని డైరీలో ఉంది.

అక్కడ మూడో ఇల్లు ఒక పటేలుది. వయసు మీదపడ్డ మనిషి, మెత్తగా మాట్లాడేవారు. నేనెవరి కొడుకునని అడిగారు. సుల్తానాబాద్ దిక్కు వాళ్ళమని, మిషన్ చర్చి కుటుంబమని చెప్పాను. మా బాపు అలాంటి ఇంట్లోనే పాలేరుగా జీతం ఉన్నాడు. ఆ ఇంటి అరుగు ఏనాడూ ఎక్కలేదు. పటేలు ఒక క్షణం ఆగి, తానే కుర్చీ జరిపి కూర్చోమన్నారు. పింగాణి కప్పులో చాయ తెప్పించారు. ఇంట్లో ఏడుగురు. మగవాళ్ళు ముగ్గురినీ చూశాను. ఆడవాళ్ళ సంగతి ఎత్తితే ఆయన కోప్పడలేదు.

“మా ఇండ్లల్ల గసొంటి రోగాలు ఉండయి బిడ్డా. ఆడోళ్లను బయటికి పిలుస్తె బాగుంటదా? రాసుకో, నేను చెప్తున్న గద.”

నన్ను ‘బిడ్డా’ అన్న మనిషి మాట కాదనలేకపోయాను. నాలుగు పేర్ల పక్కనా టిక్కు పెట్టాను. ఏడో పేరు లలిత, చిన్న కోడలు, పందొమ్మిదేళ్ళు. ఆ రాత్రి డైరీలో చాయ గురించి నాలుగు పంక్తులు రాశాను. ఏడుగురి గురించి ఒక్క పంక్తి రాశాను: ‘అందరూ బాగున్నారు.’

నాలుగేళ్ళ తర్వాత ఒక బుధవారం, మా క్లినిక్‌కు ఒకామె ఒంటరిగా నడిచి వచ్చింది. కుడిచేయి కొంగు కింద దాచుకుంది. చూపించమంటే తీసింది. చిటికెన వేలు, ఉంగరం వేలు లోపలికి వంగిపోయాయి. గంజి ఒలికి చేయి కాలినా ఆమెకు తెలియలేదట. పేరు లలిత అని, ఇల్లు ఆ పటేలుదని చెప్పింది. నా కార్డులో ఏడో పేరు.

“ఆనాడు మీరు ఇంటికొచ్చినప్పుడు తలుపెనుక నిలవడ్డ సారూ” అంది. “మోచేతికాడ మచ్చ అప్పటికే ఉండె. పిలుస్తరేమో, చూపెట్టాలె అనుకున్న. మీరు చాయ తాగి పోయిండ్రు.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. జరిగింది చెప్పింది, అంతే. అప్పటికే అత్తగారు ఆమెను వంటింట్లోకి రానివ్వడం లేదు. “గీ చెయ్యి సక్కగైతె ఇంట్ల ఉంచుకుంటరు. అయితదా?” అని అడిగింది. కాదని చెప్పవలసి వచ్చింది. మాత్రలు మొదలుపెట్టాం. రోగం ఆగింది. చేయి అలాగే ఉండిపోయింది. మరుసటి వేసవిలో ఆమెను పుట్టింటికి, ఖానాపూర్‌కు పంపేశారు. మాత్రలు అక్కడి వర్కర్ ద్వారా అందేలా కాగితం రాశాను. భర్త తీసుకుపోవడానికి రాలేదని ఆ వర్కరే తర్వాత తెలియజేశాడు.

ఆమె క్లినిక్‌కు వచ్చిన రోజే సూపర్‌వైజరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన మంచివాడే, నన్ను కాపాడాలని చూశాడు. “రోగం తర్వాత వచ్చిందని రాయి. నాలుగేండ్ల కింది టిక్కును ఎవడు అడుగుతడయ్యా?” అన్నాడు. నేను పాత కార్డు తీయించి, నాలుగు టిక్కులనూ ఎర్ర సిరాతో కొట్టి, ‘చూడలేదు’ అని రాసి సంతకం చేశాను. ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఆ వాడంతా నర్సమ్మను వెంటబెట్టుకుని మళ్ళీ తిరిగాను. మరో పెద్దింట్లో ఒకామెకు వీపు మీద మచ్చ దొరికింది. ఆమెకు సకాలంలో నయమైంది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటే. చూడని మనిషిని చూసినట్టు రాయకూడదు. చెప్పేది నమ్మదగిన మనిషైనా సరే, మనల్ని గౌరవించిన మనిషైనా సరే. సున్నా పెట్టి ఉంటే నియమం ప్రకారం ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళేవాణ్ణి. తలుపు వెనక నిలబడ్డ ఆమెకు కావలసింది ఆ రెండో రాకే.