మిర్చి బండ్ల మధ్య గుర్రం నిలుపు

నాకు పుట్టుకతోనే వచ్చినవి రెండు. ఒకటి ఉబ్బసం, రెండోది కోపం. మొదటిదానికి ఆకు పసర్లు తాగించారు. రెండోదానికి మొగుడొస్తే అదే తగ్గుతుందని మా మేనత్త ఊరంతా చెప్పుకు తిరిగింది. రెండు వైద్యాలూ పనిచేయలేదని ఇక్కడ చెప్పుకుంటే తప్పు లేదు.

మాది పెనుబల్లి దగ్గర పల్లె. ఒక పక్క సాగర్ కాలువ, ఇంకో పక్క కొంచెం దూరం పోతే అడవి. మధ్యలో ఉన్నదంతా మిర్చి, పత్తి. మిర్చి పండించే ఇంట్లో ఉబ్బసం పిల్ల పుట్టిందంటే చాకలి ఇంట్లో నీళ్లు పడని పిల్ల పుట్టినట్టే. కాయ కళ్లంలో పడిన రోజు నుంచి చివరి బస్తా ఖమ్మం యార్డుకు పోయేదాకా నాన్న ఇంట్లో ఉండేవాడు కాదు. అన్నం కళ్లానికే పోయేది, పడక అక్కడే. ఎప్పుడైనా వస్తే వాకిట్లోనే నిలబడి అమ్మతో మాట్లాడి వెళ్లిపోయేవాడు. నేను ఎదురు పరిగెత్తితే "లోపలికి పో" అని కసిరేవాడు. తమ్ముడు మాత్రం పొద్దస్తమానం ఆయన భుజం మీదే ఉండేవాడు. పనికిరాని పిల్లనని నన్ను దూరం పెట్టాడనుకున్నాను. ఆ మాట నేను ఎవరినీ అడగలేదు. మనసులోనే పెట్టుకుని పెంచుకున్నాను, కోపానికి అది మంచి ఎరువు.

డిగ్రీ అయిన ఏడాది అటవీశాఖలో గార్డు ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. అప్పటికి మా ఊళ్లో సెల్‌ఫోన్ ఒక్కరి దగ్గరే ఉండేది, దానికీ డాబా ఎక్కితేనే సిగ్నల్ వచ్చేది. పేపర్ కటింగ్ తెచ్చి చూపిస్తే నాన్న చదివి, వెనక్కిచ్చాడు. రాతపరీక్ష సంగతి సరే, ఆడపిల్లలు పదహారు కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలని అందులో ఉంది.

"నువ్వు బావి దాకా పోయొస్తేనే రొప్పుతవ్. గంత దూరం ఎట్ల నడుస్తవ్?" అన్నాడు.

అంతే, ఆ ఉద్యోగం నాకు పంతమైంది. అడవి మీద ప్రేమ అప్పటికి ఏమీ లేదు. మిర్చి లేని చోట బతకాలి, నాన్న మాట తప్పని చూపించాలి, ఆ రెండే కోరికలు.

మర్నాడు పొద్దున్నే కాలువ కట్ట మీద పరుగు మొదలుపెట్టాను. రెండో తూము దాటేసరికి ఛాతీలో పిల్లనగ్రోవి మోగింది. కట్ట మీదే కూలబడ్డాను. కళ్లు తెరిచేసరికి ఎదురుగా డ్రైవర్ తాత కూర్చుని ఉన్నాడు.

ఆయన ఊరి చివర ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు లారీ తోలాడు, అరవై దాటాక కొడుకు పొలం చూసుకునేవాడు. రోజూ తెల్లవారుజామున కళ్లంలో మోకాళ్లు వంచి, చేతులు గుండ్రంగా పట్టుకుని అరగంట కదలకుండా నిలబడేవాడు. ఆ తర్వాత నీళ్లలో నడిచినట్టు మెల్లగా చేతులు కదిలించేవాడు. కల్కత్తా పోయి చేతబడి నేర్చుకొచ్చాడని ఊళ్లో అనేవాళ్లు. అసలు సంగతి ఏమిటంటే, ఒకసారి మిర్చి లోడుతో అక్కడికి పోతే ఇంజన్ చెడిపోయి చాలా రోజులు ఆగాల్సి వచ్చింది. షెడ్డు పక్కనే చెప్పులు కుట్టే చీనా పెద్దాయన ఉండేవాడు. రోజూ పొద్దున్నే ఆయన చేసే చీనా కసరత్తు చూసి తాత పక్కన నిలబడ్డాడు. తర్వాత అటు లోడు ఉందంటే చాలు, పదేళ్లపాటు వెతుక్కుంటూ ఆయన దగ్గరికే పోయాడు.

"నాకు చీనా భాష రాదు, ఆయనకు తెలుగు రాదు. ఇద్దరి హిందీ అంతంత మాత్రం. గందుకే ఊకె మాట్లాడకుండ నిలబెట్టిండు," అనేవాడు.

ఆ పొద్దున నా రొప్పు తగ్గేదాకా పక్కనే కూర్చున్నాడు. తగ్గాక అన్నాడు: "ముందు ఖమ్మం పోయి పెద్ద దవాఖానాల చూపియ్యి. నేను డ్రైవర్ని, డాక్టర్ని కాదు. వచ్చినంక కళ్లంలకు రా."

ఖమ్మంలో డాక్టరు నోట్లో పెట్టుకుని పీల్చే పంపు ఇచ్చాడు. ఇంట్లో అదొక చావు కబురైంది. పంపు దాకా వచ్చిందంటే ఇక చివరి మెట్టేనని మేనత్త తీర్మానించింది. అమ్మ దాన్ని బియ్యం డబ్బా వెనక దాచమంది. నేనూ దాచాను. ఎవరికైనా తెలిస్తే ఉద్యోగం రాదని నా భయం నాకుండేది.

మొదటి రోజు నాతోపాటు ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. చేత్తో పెంకులు పగలగొట్టడం ఎన్నో రోజు నేర్పుతారని వాళ్ల ప్రశ్న. తాత మమ్మల్ని గాలికి ఎగువన నిలబెట్టి, కాళ్లు దూరంగా పెట్టి, గుర్రం మీద కూర్చున్నట్టు మోకాళ్లు వంచమన్నాడు. దాని పేరే గుర్రం నిలుపు. రెండు నిమిషాలకే తొడలు వణికాయి. ఒకరి తర్వాత ఒకరం కూలబడి, అరచేతులు నేల మీద ఊని లేచాం. ముఖం మీద చెమట కారుతోంది, తుడుచుకున్నాం. చివరి బస్తా ఎత్తి వారం కూడా కాని కళ్లం అది. నేలంతా కారం! నలుగురం ఒక్కసారే కేకలు పెట్టుకుంటూ నీళ్ల తొట్టి దగ్గరికి పరిగెత్తాం. మిర్చి ఊళ్లో పుట్టి పెరిగిన నలుగురికి ఆ మాత్రం తెలియలేదు.

తాత నవ్వీ నవ్వీ కూర్చుండిపోయాడు. "ఏం చేస్తున్నవో చేతికి ఎరుక ఉండాలె. ఇదే మొదటి పాఠం," అన్నాడు.

నెల తిరిగేసరికి కుర్రాళ్లు మానేశారు. ఖమ్మంలో రంగురంగుల బెల్టులిచ్చే కరాటే క్లాసుకు పోయారని విన్నాను. వానలు పడి కళ్లం కడిగినట్టయింది. నేను మాత్రం మిగిలాను, భక్తితో కాదు, పంతంతో. రోజుకో నిమిషం, కాదంటే అర నిమిషం పెంచుకుంటూ పోయాను. గుర్రం నిలుపు తర్వాత చెట్టును కౌగిలించుకున్నట్టు నిలబడేది, ఆ తర్వాత మబ్బుల్ని పక్కకు నెట్టినట్టు నడుం తిప్పుతూ చేతులాడించేది నేర్పాడు. అన్నీ లారీ భాషలోనే. ఆయాసం మొదలైతే "గేరు తగ్గించు, ఇంజన్‌ను ఏడిపియ్యకు" అనేవాడు. ఊపిరి బొడ్డు కిందికి దిగాలని చెప్పడానికి "లోడంతా కిందికి సర్దు, పైన ఉంటే మలుపులో బండి బోల్తా పడ్తది" అనేవాడు.

నిలబడితే మొదట కాళ్లే నొప్పి. కాళ్లు అలవాటు పడ్డాక అసలు నొప్పి తెలిసింది. ఏ పనీ లేకుండా నిలబడితే పాత కోపాలన్నీ వరసకట్టి వస్తాయి. వాకిట్లో నిలబడి "లోపలికి పో" అన్న నాన్న ముఖం రోజూ వచ్చేది. ఒకరోజు కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే, అలవాటుగా కారం మీదికి నెట్టాను.

"వానల్లో కారమెక్కడిది?" అన్నాడు తాత. "వచ్చేదాన్ని రానియ్యి, పోయేదాన్ని పోనియ్యి. లారీ వెనక కుక్క మొరిగితే డ్రైవర్ దిగి కొట్లాడుతడా?" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు ఆదుకుంది. కోపం పోలేదు గానీ, అది వస్తోందని ముందే తెలిసేది.

సీతాఫలాల రోజుల్లో సత్తుపల్లి నుంచి ఖమ్మం బస్సులో నిలబడి పోతున్నాను. వెనక ఒక పెద్దమనిషి మోచేయి మాటిమాటికీ నా వీపుకు తగులుతోంది. రెండుసార్లు చెప్పాను, వినలేదు. మూడోసారి డ్రైవర్ బ్రేకు వేసినప్పుడు ఆయన మొత్తం బరువు నా మీదికి తెచ్చాడు. నేను మోకాళ్లు వంచి, మబ్బుల్ని నెట్టినట్టే నడుం పక్కకు తిప్పాను, అంతకుమించి ఏమీ చేయలేదు. ఆనుకోవడానికి నేను లేకపోయేసరికి ఆయన పోయి అడవి పల్లె నుంచి వస్తున్న ముసలమ్మ సీతాఫలాల బుట్టలో కూర్చున్నాడు. మిగతా శిక్షణ ముసలమ్మ తన చెప్పుతో పూర్తిచేసింది.

గొప్పగా చెప్పుకుంటే తాత ఒకటే అడిగాడు. "అప్పుడు ఊపిరి ఎట్లుండె?"

"చూసుకోలేదు తాతా."

"అయితే సగమే వచ్చింది."

రాతపరీక్ష పాసయ్యాను. కాయ కళ్లానికి వచ్చినప్పటి నుంచి మా సాధన కాలువ కట్ట మీదికి మారింది. రోజూ నిలబడి, ఆ తర్వాత నడక. నాన్న చూసి, "కొంగ లెక్క నిలబడితే కొలువొస్తదా?" అన్నాడు. అన్నాడే గానీ, నేను నిలబడే చోటికి వచ్చి చెట్లెనక నుంచి చూసి పోయేవాడని అమ్మ చెప్పింది. నేను నమ్మలేదు.

నడక పరీక్ష మార్చిలో పడింది, ఖమ్మంలో. సరిగ్గా మిర్చి యార్డుకు పోటెత్తే వారం. నాన్న ముందురోజే ట్రాక్టర్ మీద కాయ వేసుకుని పోయాడు. తాత మాత్రం బస్సు దాకా వచ్చాడు. "పంపు దాచుకోకు. స్టెప్నీ టైరును దాచిపెట్టి ఎవడన్న బండి తోలుతడా?" అన్నాడు. నేను దాన్ని ఓణీ కొంగున ముడేసి, లోపలికి దోపుకున్నాను. అప్పటికీ దాచుకున్నాను.

పొద్దున ఆరింటికి మొదలు. ఊరి బయటికి ఎనిమిది కిలోమీటర్లు, వేరే దారిలో మళ్లీ వెనక్కి ఎనిమిది. పోయేటప్పుడు బాగానే ఉంది. గేరు మార్చకుండా, తొందర పడకుండా నడిచాను. పన్నెండో రాయి దాటేసరికి మూడు గంటలు కూడా కాలేదు. పదమూడో రాయి దగ్గర మలుపు తిరిగితే రోడ్డు పక్కన ట్రాక్టర్లు, లారీలు. యార్డులో చోటు లేక బండ్ల వరస అక్కడిదాకా వచ్చింది. గాలంతా మిర్చి ఘాటు.

ఛాతీ పట్టేసింది. నాలుగడుగులు వేసేసరికి పిల్లనగ్రోవి మొదలైంది. పరుగెత్తి ఆ వరస దాటేయాలనిపించింది. ఆ పని చేస్తే కింద పడతానని ఇన్ని నెలల్లో కాళ్లకు తెలిసిపోయింది. నా వెనకే జీపు వస్తోంది. అందులో ఎక్కితే పరీక్ష అయిపోయినట్టే.

గాలికి ఎగువగా రోడ్డు అవతలికి పోయి ఆగాను. కొంగు ముడి విప్పి, అందరూ చూస్తుండగానే పంపు నోట్లో పెట్టుకుని పీల్చాను. మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడ్డాను.

"ఏందమ్మా అది? కళ్లు తిరుగుతున్నయా? జీపెక్కు," అన్నాడు జీపులోని ఉద్యోగి.

"ఉబ్బసం మందు సార్. ఎక్కను. కాసేపు నిలబడి మళ్లీ నడుస్తాను."

బండ్ల మీది రైతులు లేచి నిలబడ్డారు. "నడువు బిడ్డా! ఆగకు, టైం పోతాంది! నడువు!" అని కేకలు. వాళ్ల మంచితనానికి నా ఊపిరి ఇంకా తడబడుతోంది. ఇంతలో ఒక గొంతు అన్నిటికంటే పైన వినిపించింది.

"ఎవ్వరు మాట్లాడకుర్రి! నిలబడనియ్యుర్రి. ఊపిరి అందినంక అదే నడుస్తది."

నాన్న. ట్రాక్టర్ దిగి రోడ్డు సగం దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. తలపాగా నుంచి కాళ్ల దాకా ఎర్రటి దుమ్ము. నేను చెయ్యి చాపాను. ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు.

"నేను దగ్గరికి రాను బిడ్డా. ఒళ్లంత కారమే. నువ్వు నిలబడు, నేనిక్కడే ఉంట."

వాకిట్లో నిలబడిన నాన్న, "లోపలికి పో" అన్న నాన్న, మూడు నెలలు కళ్లంలోనే పడుకున్న నాన్న. ఎందుకో అర్థం కావడానికి ఇరవై రెండేళ్లు పట్టింది నాకు. ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే ఊపిరి పోతుంది. వచ్చేదాన్ని రానిచ్చి, పోయేదాన్ని పోనిచ్చాను. లోడు మెల్లగా కిందికి దిగింది. పది నిమిషాలు పోయి ఉంటాయి. ఆయన అంతసేపూ రోడ్డు మధ్యలో చేతులు అడ్డంపెట్టి లారీలను ఆపుతూనే ఉన్నాడు, నా వైపు దుమ్ము లేవకుండా.

తర్వాత నడిచాను. నాలుగు గంటలకు ఏడు నిమిషాలు తక్కువలో గీత దాటాను. ఆ తర్వాత వైద్య పరీక్షలో డాక్టరుకు పంపు సంగతి నేనే చెప్పాను. ఆయన రెండుసార్లు ఛాతీ విని, సరేనని రాశాడు. మొదటి పోస్టింగ్ భద్రాచలం వైపు అడవిలో. ఇప్పటికీ పొద్దున్నే అడవిలో బీటు గస్తీకి పోయేముందు ఇరవై నిమిషాలు నిలబడతాను.

కానీ నాకు గుర్తుండేది ఆ రోజు సాయంత్రమే. బస్టాండ్‌లో బెంచీ మీద కూర్చుని ఉంటే నాన్న వచ్చాడు. యార్డు కుళాయి దగ్గర స్నానం చేసి, ఎవరిదో ఉతికిన లుంగీ అడిగి కట్టుకున్నాడు. జుట్టు ఇంకా తడిగా ఉంది. రెండు చేతులూ వాసన చూసుకున్నాడు. సరిపోలేదేమో, మళ్లీ పోయి సబ్బుతో కడుక్కొచ్చాడు. అప్పుడొచ్చి కూర్చున్నాడు. మిర్చి కాలంలో మా నాన్న నా పక్కన కూర్చోవడం అదే మొదటిసారి.